మన ఊరి మీదుగా వెళ్ళిన యురేనస్ నీడ

1977 మార్చి 10 రాత్రి, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే మన గడియారాల్లో అర్ధరాత్రి దాటి 11వ తారీకు వచ్చాక, యురేనస్ గ్రహం చుట్టూ ఉన్న వలయాల నీడ భూమి మీద పడింది. ఎండలో పడే నీడ కాదు. తులారాశిలో ఉన్న ఒక మసక నక్షత్రపు వెలుగులో పడిన నీడ. ఆ వలయాల మొత్తం వెడల్పు లక్ష కిలోమీటర్ల పైనే. భూమి వెడల్పు 12,742 కి.మీ. మాత్రమే. కాబట్టి అది ఏదో ఒక ఊరి మీద పడే నీడ కాదు, దేశాలకు దేశాలనే దాటుకుంటూ పోయింది. దక్షిణాన తమిళనాడులోని కవలూరులో ఆ నీడను పట్టుకున్నారు. ఉత్తరాన నైనితాల్‌లో కూడా పట్టుకున్నారు. మా చండ్రుగొండ ఆ రెండింటికీ మధ్యలోనే ఉంది. అంటే ఆ నీడ మా ఊరి మీదుగా, కనకగిరి గుట్టల మీదుగా కూడా వెళ్ళింది.

ఎవరికీ తెలియలేదు. తెలిసే అవకాశం కూడా లేదు. వారం తిరిగేలోగా లోక్‌సభ ఎన్నికలు, ఎమర్జెన్సీ విధించాక మొదటివి. దేశమంతా ఆ గోలలో ఉంది. పైగా ఆ నక్షత్రం మామూలు కంటికి కనిపించేది కాదు.

మన టెక్స్ట్‌బుక్‌లలో యురేనస్ అంటే ఒక టేబుల్. వ్యాసం ఇంత, ద్రవ్యరాశి ఇంత, చందమామలు ఇన్ని. ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో అందులో ఉండదు. ఈ వ్యాసంలో నేను అంకెలూ చెప్తాను, అవి ఎలా దొరికాయో కూడా చెప్తాను. ఎందుకంటే ఈ గ్రహం విషయంలో రెండోది తెలియకపోతే మొదటిది సగమే తెలిసినట్టు.

కొబ్బరికాయ, ఆవగింజ, పెసరగింజ

ముందు దూరం సంగతి. సూర్యుడి నుంచి యురేనస్ సగటున 287 కోట్ల కి.మీ. దూరంలో ఉంటుంది. భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి 19 రెట్లకు కాస్త ఎక్కువ. ఈ అంకె చదివితే బుర్రకి ఏమీ ఎక్కదు కాబట్టి అన్నింటినీ వెయ్యి కోట్ల వంతుకి కుదిద్దాం.

చండ్రుగొండ సెంటర్లో రోడ్డు మీద ఒక కొబ్బరికాయ పెట్టండి. సుమారు 14 సెంటీమీటర్లు. అది సూర్యుడు. అక్కడి నుంచి 15 మీటర్లు నడిచి ఒక ఆవగింజ పెట్టండి. అది భూమి. 78 మీటర్ల దగ్గర ఒక రేగుపండు గురుగ్రహం. 143 మీటర్ల దగ్గర దానికన్నా కొంచెం చిన్న రేగుపండు శని. ఇక్కడి వరకూ మన పూర్వీకులకు తెలుసు. ఇప్పుడు మళ్ళీ అంత దూరం నడవండి. 287 మీటర్ల దగ్గర ఒక పెసరగింజ పెట్టండి, అయిదు మిల్లీమీటర్లు. అదే యురేనస్. అక్కడ నిలబడి వెనక్కి తిరిగి ఆవగింజను చూడాలనుకోండి, కనపడుతుందా? వోయేజర్-2 అనే నౌక ఆ ఆవగింజ మీద నుంచి బయలుదేరి ఈ పెసరగింజ పక్క నుంచి వెళ్ళింది. ఎనిమిదిన్నరేళ్ళు పట్టింది. ఇదే లెక్కన మనకి అన్నింటికన్నా దగ్గర్లో ఉన్న నక్షత్రం 4,000 కి.మీ. దూరంలో ఉంటుంది.

సూర్యుడి వెలుగు అక్కడికి చేరడానికి 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. చేరేసరికి దాని తీవ్రత మనకొచ్చే ఎండలో దాదాపు 370వ వంతు. చీకటే కదా అనిపిస్తుంది గానీ, కాదు. మే నెల కొత్తగూడెం ఎండని 370 పెట్టి భాగిస్తే మన క్లాస్‌రూమ్‌లో ట్యూబ్‌లైట్ల వెలుగంత వస్తుంది. పుస్తకం చదువుకోవచ్చు, వేడి మాత్రం తగలదు.

నవగ్రహాల్లో లేనిది

గుళ్ళో నవగ్రహాల చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేసినా యురేనస్ కనిపించదు. కంటికి కనిపించీ కనిపించనంత మసకగా, మెల్లగా కదిలే చుక్క అది. టెలిస్కోపుకి ముందు కూడా దాన్ని చూసినవాళ్ళు ఉండే ఉంటారు గానీ గ్రహమని ఎవరూ గుర్తుపట్టలేదు. 1781 మార్చి 13న ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో విలియం హెర్షెల్ తన ఇంటి తోటలోంచి చూశాడు. ఆయన వృత్తి సంగీతం. టెలిస్కోపు సొంతంగా చేసుకున్నాడు. మొదట తోకచుక్క అనుకున్నాడు. కక్ష్య లెక్కలు వేశాక గ్రహమని తేలింది.

పేరు సంగతి తమాషాగా ఉంటుంది. తెలుగులో దీన్ని వరుణుడు అని రాసినవాళ్ళు ఉన్నారు. హిందీ పుస్తకాల్లో యురేనస్‌ని అరుణ్ అంటారు, వరుణ్ అంటే అక్కడ నెప్ట్యూన్. కాబట్టి హిందీ మీడియం ఫ్రెండ్‌తో ఈ విషయం మాట్లాడేటప్పుడు జాగ్రత్త. గొడవెందుకని నేను యురేనస్ అనే రాస్తున్నాను.

మన క్లబ్బు సాహిత్యానిది కాబట్టి ఇంకో మాట. మిగతా గ్రహాల చందమామలకు ఎక్కువగా పురాణాల్లోంచి పేర్లు పెట్టారు. యురేనస్ చందమామలకు మాత్రం సాహిత్యంలోంచి పెట్టారు. టైటానియా, ఒబెరాన్, మిరాండా షేక్‌స్పియర్ నాటకాల్లోని పాత్రలు. ఏరియల్, అంబ్రియల్ అలెగ్జాండర్ పోప్ కావ్యంలో వస్తాయి (ఏరియల్ షేక్‌స్పియర్‌లోనూ ఉంది). ఈ పద్ధతి మొదలుపెట్టింది హెర్షెల్ కొడుకు జాన్ హెర్షెల్. ఆ తర్వాత దొరికిన వాటికి కూడా అదే కొనసాగించారు. 2025 నాటికి మొత్తం 29 చందమామలు. చివరిది 2025లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఫొటోల్లో దొరికింది, అడ్డంగా 10 కి.మీ. కూడా ఉంటుందో లేదో.

పక్కకి పడుకుని దొర్లే గ్రహం

భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉంది, అందుకే మనకి ఋతువులు. యురేనస్ అక్షం దాదాపు 98 డిగ్రీలు వంగింది. మిగతా గ్రహాలు బొంగరంలా తిరుగుతుంటే, ఇది నేల మీద దొర్లే పీపాలా తిరుగుతుంది. చిన్నప్పుడు ఏదో భూమంత పెద్దదో, అంతకన్నా పెద్దదో వచ్చి గుద్దడం వల్ల ఇలా పడిపోయిందని ఎక్కువమంది అభిప్రాయం. అది ఇంకా అభిప్రాయమే, రుజువైన సంగతి కాదు.

సూర్యుడి చుట్టూ ఒక చుట్టుకి 84 ఏళ్ళు. కనిపెట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా అది మూడు చుట్లు కూడా పూర్తి చేయలేదు. మూడోది 2033లో పూర్తవుతుంది. ఈ 84 ఏళ్ళని, ఆ వంపుని కలిపి చూడండి. ధ్రువం దగ్గర 42 ఏళ్ళు ఏకధాటిగా పగలు, తర్వాత 42 ఏళ్ళు రాత్రి. 1986 ప్రాంతంలో దక్షిణ ధ్రువం సరిగ్గా సూర్యుడి వైపు ఉంది. 2007 డిసెంబరులో ఎండ మధ్యరేఖ మీద నిటారుగా పడింది. అప్పటి నుంచి ఉత్తర ధ్రువానికి పగలు. మా బ్యాచ్ వాళ్ళం నడక నేర్చుకునే రోజుల్లో అక్కడ పొద్దు పొడిచింది. మా పిల్లలు ఇంజినీరింగ్‌కి వచ్చినా సరే, ఇంకా పొద్దు గుంకకపోవచ్చు.

ఇంకో విచిత్రం ఏమిటంటే, ఏడాది మొత్తం లెక్క కడితే అక్కడ మధ్యరేఖ కన్నా ధ్రువాలకే ఎక్కువ ఎండ అందుతుంది. అయినా మేఘాల మీద ఉష్ణోగ్రత అన్నిచోట్లా దాదాపు ఒకేలా ఉంటుంది. ఎందుకో పూర్తిగా తేలలేదు.

నేల లేదు, బరువు తక్కువ, చలి ఎక్కువ

యురేనస్ మధ్యరేఖ దగ్గర వ్యాసం 51,118 కి.మీ., భూమికి నాలుగు రెట్లు. ద్రవ్యరాశి పద్నాలుగున్నర భూములంత. మరి అక్కడ మన బరువు ఎంత పెరుగుతుంది? ఫస్టియర్ ఫిజిక్స్ గుర్తు చేసుకోండి. గురుత్వం ద్రవ్యరాశితో పెరుగుతుంది, వ్యాసార్ధం వర్గంతో తగ్గుతుంది. 14.5ని 16తో భాగిస్తే 0.9. అంటే ఇక్కడ త్రాసు మీద 60 కేజీలు చూపించే మనిషి అక్కడ 54 కేజీలు చూపిస్తాడు. డైటింగ్ అక్కర్లేదు. కాకపోతే త్రాసు పెట్టడానికి నేల ఉండదు. పైన హైడ్రోజన్, హీలియం, కొంచెం మీథేన్. లోపలికి పోయేకొద్దీ అదే చిక్కబడుతూ పోతుంది.

దీన్ని మంచు దిగ్గజం అంటారు. పేరు విని ఐసు గడ్డ అనుకోకండి. నీరు, అమ్మోనియా, మీథేన్ లాంటి పదార్థాలకి ఖగోళశాస్త్రంలో పెట్టుకున్న పేరు మంచు. లోపల అవి వేల డిగ్రీల వేడిలో, ఊహించలేని ఒత్తిడిలో చిక్కటి ద్రవంగా ఉంటాయి. ఆ ఒత్తిడికి మీథేన్‌లోని కార్బన్ విడిపోయి వజ్రాలుగా మారి లోపలికి వాన కురుస్తుందని ఒక ఊహ. ల్యాబుల్లో ప్లాస్టిక్‌ని లేజర్లతో కొట్టి అలాంటి ఒత్తిడి పుట్టిస్తే చాలా చిన్న వజ్రాలు నిజంగానే ఏర్పడ్డాయి. యురేనస్ లోపల జరుగుతుందా అన్నది మాత్రం ఎవరూ చూడలేదు.

ఎర్ర వెలుగుని మీథేన్ మింగేస్తుంది, అందుకే గ్రహం లేత నీలి ఆకుపచ్చ రంగులో కనిపిస్తుంది. మేఘాల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉందని 2018లో హవాయిలోని జెమినై టెలిస్కోపుతో తేల్చారు. ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో కిప్స్ ఉపకరణం దగ్గర ముక్కు మూసుకున్నాం చూడండి, అదే వాయువు. పై వాతావరణంలో ఉష్ణోగ్రత మైనస్ 224 డిగ్రీల దాకా పడిపోతుంది. నెప్ట్యూన్ దీనికన్నా చాలా దూరంలో ఉంది, అయినా అంత చలి అక్కడ నమోదు కాలేదు.

చుక్క మిణుకుమన్న రాత్రి

ఇప్పుడు ఆ నీడ దగ్గరికి వద్దాం. మా వైపు రాత్రిపూట అడవి రోడ్డు మీద వెళ్ళినవాళ్ళకి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. మలుపు అవతల దూరంగా ఒక బండి వస్తుంటుంది. మధ్యలో టేకు చెట్లు. హెడ్‌లైటు ఆరుతూ వెలుగుతూ కనిపిస్తుంది. చెట్లు మీకు కనపడవు, లైటు ఒక్కటే కనపడుతుంది. కానీ బండి వేగం తెలిస్తే, లైటు ఎంతసేపు ఆరిందో కొలిస్తే, అడ్డొచ్చిన మాను ఎంత లావో చెప్పొచ్చు. ఎన్నిసార్లు ఆరిందో లెక్కపెడితే ఎన్ని చెట్లున్నాయో చెప్పొచ్చు.

ఆకాశంలో గ్రహం ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు చేసేది సరిగ్గా ఇదే. ఎస్ఏవో 158687 అనే నక్షత్రాన్ని యురేనస్ కప్పబోతోందని ముందే లెక్క వేశారు. దాంతో గ్రహం వ్యాసం, వాతావరణం కొలుద్దామనుకున్నారు. వలయాల గురించి ఎవరికీ ఆలోచన లేదు.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ ఎలియట్, ఎడ్వర్డ్ డన్హమ్, డగ్లస్ మింక్ టెలిస్కోపు బిగించిన విమానంలో ఎక్కి, ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి బయలుదేరి హిందూ మహాసముద్రం దక్షిణ భాగం మీద ఎగిరారు. గ్రహం అడ్డొచ్చే టైముకి ముప్పావుగంట ముందు నుంచే రికార్డింగ్ ఆన్ చేసి పెట్టుకున్నారు. అదే వాళ్ళని గెలిపించింది. గ్రహం ఇంకా చాలా దూరంలో ఉండగానే నక్షత్రం ఒక్కసారి మసకబారి మళ్ళీ వెలిగింది. తర్వాత ఇంకోసారి. అలా అయిదుసార్లు. గ్రహం దాటిపోయాక కూడా దాదాపు అవే దూరాల్లో మళ్ళీ అయిదు. రెండు పక్కలా ఒకే వరసలో ఉన్నాయంటే అవి వలయాలే.

అదే రాత్రి కవలూరులో జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి ఒక మీటరు టెలిస్కోపుతో అదే నక్షత్రాన్ని చూస్తున్నారు. కవలూరు మన కుప్పం నుంచి సరిహద్దు దాటితే పెద్ద దూరమేమీ కాదు, జవాది కొండల్లో చందనం చెట్లున్న అడవి మధ్య ఉంటుంది. ఆ చోటుని వెతికి ఎంచుకున్నది వేణు బాప్పు. ఆయన కుటుంబం కేరళ తలశ్శేరిది, పెరిగింది మాత్రం హైదరాబాదులో. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. బాప్పు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్‌కి వెళ్ళారు. తిరిగొచ్చాక కొడైకెనాల్ బాధ్యత తీసుకుని, రాత్రి ఆకాశానికి మంచి చోటు కావాలని కవలూరుని కట్టారు. ఒక మీటరు టెలిస్కోపు 1972లో వచ్చింది. బేగంపేటలో మొదలైన ఆ ఇష్టం లేకపోతే 1977లో ఆ కొండ మీద ఆ యంత్రం ఉండేది కాదు.

నిజానికి ఆ రాత్రి కవలూరు నుంచి చూస్తే యురేనస్ ఆ నక్షత్రాన్ని కప్పనే లేదు, పక్క నుంచి జారిపోయింది. మామూలుగా అయితే రాత్రి వృథా అయిందని దుకాణం సర్దేసేవాళ్ళు. కానీ వాళ్ళ రికార్డులో కొన్ని సెకన్లపాటు నక్షత్రపు వెలుగు స్పష్టంగా పడిపోయింది. లెక్క వేసి చూడండి. నీడ సెకనుకి 12 కి.మీ. చొప్పున కదులుతుంటే, ఎనిమిది సెకన్ల మసక అంటే అడ్డొచ్చిన వస్తువు దాదాపు 100 కి.మీ. అంత వెడల్పున్నది ఏముంటుంది? కొత్త చందమామ అయ్యుండాలి అనుకున్నారు. 1977లోనే నేచర్ పత్రిక 267వ సంపుటిలో ఎలియట్ బృందం పేపరు యురేనస్ వలయాలు అనే పేరుతో వచ్చింది. దాని వెనకే కవలూరు పేపరు యురేనస్‌కి కొత్త ఉపగ్రహం అనే పేరుతో వచ్చింది. ఒకే నీడ, రెండు పేర్లు.

నాకు ఈ కథలో అన్నింటికన్నా నచ్చింది ఆ తర్వాత జరిగింది. కొలత సరైనదే, దానికి పెట్టిన పేరే సరికాదు. కాబట్టి పారేయాల్సిందేమీ లేదు. భట్టాచార్య, బాప్పు ఆ రికార్డుని మళ్ళీ ముందేసుకుని, మొదట గోల అనుకుని వదిలేసే చిన్న చిన్న తగ్గుదలల్ని కూడా పరిశీలించారు. శని చుట్టూ ఉన్నట్టే యురేనస్ చుట్టూ కూడా వలయాల వ్యవస్థ ఉందని అదే ఏడాది చివర్లో అదే పత్రికలో రాశారు. మొదట చందమామ అనుకున్నది అప్పుడు దొరికిన వాటిలో అన్నింటికన్నా వెలుపల ఉన్న వెడల్పాటి ఎప్సిలాన్ వలయం.

ఇప్పుడు మొత్తం 13 వలయాలు తెలుసు. ఎప్సిలాన్ వెడల్పు ఒకచోట 20 కి.మీ., ఇంకోచోట 96 కి.మీ. చాలావాటి వెడల్పు పది కిలోమీటర్ల లోపే. బొగ్గంత నల్లగా ఉంటాయి. శని వలయాలు మంచుతో మెరుస్తాయి కాబట్టి గెలీలియో కాలంలోనే కంటపడ్డాయి. ఇవి నల్లటి అడవిలో నల్లటి చెట్లు. వెనకాల లైటు ఉంటే తప్ప కనపడవు.

ఒక్కటే ఒక్కసారి

ఆ నీడ పడిన అయిదు నెలలకి, 1977 ఆగస్టు 20న, వోయేజర్-2 బయలుదేరింది. అసలు ఉద్దేశం గురుడు, శని వరకే. ఇంకా పనిచేస్తోంది కాబట్టి ముందుకి పొమ్మన్నారు. 1986 జనవరి 24న యురేనస్ మేఘాలకి 81,500 కి.మీ. దూరం నుంచి వెళ్ళింది. అదే నెల 6వ తారీకున కవలూరు అబ్జర్వేటరీకి వేణు బాప్పు పేరు పెట్టారు. అప్పటికి ఆయన పోయి మూడేళ్ళు దాటింది.

గ్రహం పడుకుని ఉంది కాబట్టి చందమామల కక్ష్యలన్నీ డార్ట్ బోర్డు మీద గీతల్లా నౌకకి ఎదురుగా నిలబడ్డాయి. నౌక ఆ బోర్డులోంచి బాణంలా దూరి పోయింది. దగ్గరగా చూడడానికి దొరికినది ఆరు గంటలు.

ఈసీఈ వాళ్ళ కోసం ఒక పేరా. అంత దూరం నుంచి సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్ పవర్ 23 వాట్ల ప్రాంతం, ఫ్రిజ్‌లో బల్బంత. గురుడి దగ్గర సెకనుకి లక్షా పదిహేను వేల బిట్లు పంపిన నౌక ఇక్కడ అంత వేగంగా పంపలేకపోయింది. అందుకని ఎప్పుడో భూమి వదిలిన నౌకలోని సాఫ్ట్‌వేర్‌ని ఇక్కడి నుంచే మార్చారు. బొమ్మల్ని అక్కడే కుదించి పంపేలా నేర్పారు. మనం సెమిస్టర్‌లో బట్టీ పట్టే రీడ్-సాలమన్ కోడింగ్‌ని ఆ నౌక యురేనస్ దగ్గరే వాడుకలో పెట్టింది. వెలుగు తక్కువ, ఫొటో తీయడానికి ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, కానీ నౌక పరుగెడుతోంది. కెమెరా కదిలిపోకుండా నౌక మొత్తాన్నే మెల్లగా తిప్పారు.

ఆ యాత్రలో పది కొత్త చందమామలు, రెండు కొత్త వలయాలు దొరికాయి. మిరాండా మీద 20 కి.మీ. దాకా ఎత్తుండొచ్చని అంచనా వేసిన కొండచరియ కనపడింది. అక్కడ గురుత్వం ఎంత తక్కువంటే, పై నుంచి రాయి జారవిడిస్తే కింద పడడానికి 12 నిమిషాలు పడుతుంది. అయస్కాంత క్షేత్రం అక్షానికి 59 డిగ్రీలు వంకరగా, గ్రహం నడిమధ్యలో కాకుండా వ్యాసార్ధంలో మూడో వంతు పక్కకి జరిగి ఉంది. నాలుగు రోజులకి ఛాలెంజర్ షటిల్ పేలిపోయింది. పేపర్లలో యురేనస్ వార్త దాని కింద పడిపోయింది.

ఆ తర్వాత ఇప్పటిదాకా అక్కడికి ఎవరూ వెళ్ళలేదు.

కదులుతున్న అంకెలు

ఒక ఇంటికి ఒకే ఒక్కసారి వెళ్ళారనుకోండి. ఆ రోజు వాళ్ళింట్లో గొడవ జరుగుతోంది. ఆ ఇంటివాళ్ళు ఎప్పుడూ అంతేనని జీవితాంతం అనుకుంటారు. యురేనస్ విషయంలో దాదాపు అదే జరిగింది. వోయేజర్ లెక్కల్ని 2024లో మళ్ళీ తిరగేసి చూస్తే, నౌక వెళ్ళడానికి కాస్త ముందే సూర్యుడి నుంచి వచ్చిన కణాల గాలి గట్టిగా వీచి ఆ గ్రహపు అయస్కాంత కవచాన్ని నొక్కేసిందని తేలింది. అలాంటి స్థితి ఉండేది వందలో నాలుగు పాళ్ళ సమయమే. యురేనస్ అయస్కాంత కవచం ఇలా ఉంటుంది అని నలభై ఏళ్ళు మనం చదువుకున్నది ఆ అరుదైన రోజు సంగతి.

యురేనస్ లోపలి నుంచి వేడి దాదాపు రాదు, మిగతా పెద్ద గ్రహాల్లా కాదు అన్నది కూడా వోయేజర్ లెక్కే. 2025లో వచ్చిన పరిశోధన ప్రకారం సూర్యుడి నుంచి తీసుకునే దానికన్నా అది సుమారు 12.5 శాతం ఎక్కువ వేడి వదులుతోంది. రోజు పొడవు 17 గంటల 14 నిమిషాల 24 సెకన్లు అనేవాళ్ళు. హబుల్ టెలిస్కోపు పదేళ్ళకు పైగా అక్కడి ధ్రువ కాంతుల్ని గమనించి, దానికి 28 సెకన్లు కలపాలని 2025లో చెప్పింది. 28 సెకన్లే కదా అనొద్దు. రోజుకి అంత తేడా పోగుపడుతూ పోతే కొన్నేళ్ళకి ఏ రేఖాంశం ఎటు తిరిగి ఉందో చెప్పలేం. రంగు కూడా అంతే. నెప్ట్యూన్ ముదురు నీలం, యురేనస్ లేత ఆకుపచ్చ అని బొమ్మల్లో చూశాం. నెప్ట్యూన్ ఫొటోల్లో వివరాలు కనపడాలని రంగు పెంచారనీ, నిజానికి రెండూ దాదాపు ఒకే రంగులో ఉంటాయనీ 2024లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు లెక్కతో సహా చూపించారు.

ఇవన్నీ చదివి సైన్స్ మాట మారుస్తుంది అనే వాళ్ళుంటారు. నాకలా అనిపించదు. 1986లో నమోదైన ఒక్క బిట్టూ మారలేదు. 1977లో కవలూరు రికార్డులో గీత ఎక్కడ కిందికి దిగిందో ఇప్పటికీ అక్కడే దిగి ఉంది. కొలిచింది కొలిచినట్టు దాచిపెట్టారు కాబట్టే తర్వాతి వాళ్ళు దాన్ని తిరిగి చదవగలిగారు. ల్యాబ్ రికార్డులో రీడింగ్ ఫార్ములాకి సరిపోలేదని వెనక నుంచి లెక్క వేసి అంకె దిద్దేస్తాం చూడండి, ఆ అలవాటు కవలూరులో ఉండుంటే ఎప్సిలాన్ వలయం ఆ రాత్రే రబ్బరు కింద పోయేది.

మనం చూడొచ్చా

చూడొచ్చు. ఈ కొన్నేళ్ళూ యురేనస్ వృషభరాశిలో, కృత్తికల చుట్టుపక్కల ఉంటోంది. కృత్తికలు అంటే మా వైపు పెద్దోళ్ళు పిల్లలకోడి అనే చుక్కల గుంపు. కార్తీక మాసంలో అది పొద్దు గుంకగానే తూర్పున లేచి రాత్రంతా ఉంటుంది, యురేనస్ కూడా దానితోనే. పున్నమి రోజుల్లో వద్దు, అమావాస్యకి అటూ ఇటూ చూసుకోండి. చండ్రుగొండ చుట్టూ అడవి కాబట్టి కొత్తగూడెం, పాల్వంచ వైపు తప్ప మిగతా ఆకాశం నల్లగానే ఉంటుంది. అడవి పందులకి కాపలాగా మంచె ఎక్కే రైతులకి ఈ ఆకాశం రోజూ ఉచితం. కంటి చూపు బాగుంటే యురేనస్ అంచు మీద తగులుతుంది, బైనాక్యులర్ ఉంటే తప్పకుండా దొరుకుతుంది. ఫోనులో స్టెల్లేరియం పెట్టుకుని చోటు సరిచూసుకోండి. గొప్పగా ఏమీ కనపడదు, ఒక మసక చుక్క. ఆ వెలుగు అక్కడి నుంచి బయలుదేరి రెండున్నర గంటలకు పైనే అయిందని తెలిసి చూస్తే వేరుగా ఉంటుంది.

2022లో అమెరికా శాస్త్రవేత్తల జాతీయ నివేదిక, రాబోయే పెద్ద నౌక యురేనస్‌కే వెళ్ళాలని మొదటి స్థానం ఇచ్చింది. గ్రహం చుట్టూ తిరిగే నౌక ఒకటి, వాతావరణంలోకి దూకే పరికరం ఒకటి. 2030ల్లో బయలుదేరినా చేరేసరికి 2040లు వచ్చేస్తాయి. అప్పటికి మన బ్యాచ్‌కి నలభై ఏళ్ళు. ఆ నౌక డేటా చదివేవాళ్ళలో, దాని సిగ్నల్ పట్టే సర్క్యూట్లు గీసేవాళ్ళలో ఇప్పుడు ఈ పత్రిక చదువుతున్నవాళ్ళు ఒకరిద్దరైనా ఉండకూడదా? ఉంటే ఈ వ్యాసంలోని అంకెల్ని దగ్గర పెట్టుకోండి. వాటిలో కొన్నింటిని కొట్టేసి పక్కన కొత్తవి రాయాల్సొస్తుంది.